గడియ అవతలి గొంతు

“సూది వేసినంక మత్తులో పడతాది. బండి సందు మొగదల్లో పెట్టు. ఎక్కించుకోని పోదాం. బిడ్డ మన చేతికొస్తే చాలు.”

వసారాలోంచి ఆ గుసగుస చెవిన పడగానే సైమా అడుగు ఆపి చెవి ఒగ్గింది. ఆస్పత్రి నుంచి వచ్చానని చెప్పిన కొత్త నర్సు ఫోన్లో మాట్లాడుతోంది.

సైమాకు నెలలు నిండాయి. భర్త ముస్తఫా పట్టుచీరలు ఇచ్చి రావడానికి హిందూపురం పోయాడు. ధర్మవరంలో ఆ సందులో ఇరుపక్కలా మరమగ్గాల మోత. మిట్టమధ్యాహ్నం గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు. పరుగెత్తే ఒళ్లూ కాదు.

నర్సు లోపలికొచ్చింది. సైమా మొహాన నవ్వు తెచ్చుకుంది.

“పండుకోని వేయించుకుంటానక్కా. పరుపు ఆ గదిలో ఉండాది. వంగలేను, నువ్వే రోంత పరుస్తావా?”

ఆమె గదిలోకి పోయి వంగిందో లేదో, సైమా తలుపు లాగి గడియ పెట్టేసింది. తన ఫోన్ కూడా లోపలే ఉండిపోయింది.

తలుపు మీద బాదుడు, తిట్లు. ఆనక కిటికీ పెరుకుతున్న చప్పుడు. సైమా వీధి వాకిలికేసి కదిలింది. అంతలోనే నడుములో కత్తి దిగినట్టు నొప్పి. ఉమ్మనీరు పోయింది. “అమ్మా!” అంటూ గోడవారన కూలబడింది.

గదిలో చప్పుడు ఆగింది.

“నొప్పులొస్తాండాయా?”

సైమా గోడ పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడింది.

“తలుపు తీ. నేను నిజంగానే కాన్పులు చేసేదాన్ని.”

“చచ్చినా తీయను!”

“సరే, తీయొద్దు. 108కి ఫోన్ చేస్తాండా. అంతవరకూ నేను చెప్పేది విను. గోడకు ఆనుకో. నొప్పి వచ్చినప్పుడే ముక్కు.”

బిడ్డను ఎత్తుకుపోను వచ్చిన మనిషి మాట నమ్మాలా? ఇంకో గొంతు దిక్కులేదు. సైమా పళ్లు బిగించి, చెప్పినట్టే చేసింది. కళ్లు మాత్రం గడియ మీదనుంచి తిప్పలేదు.

“తల తగులుతాండాదా?”

“ఆ...”

“ఇంక ముక్కొద్దు. నోటితో ఊపిరి వదులు. మెల్లగా రానీ.”

బిడ్డ చేతుల్లోకి జారింది. మెదల్లేదు.

“ఏడవలేదక్కా!” సైమా కేక పెట్టింది.

“గుడ్డతో తుడువు! వీపు రుద్దు. గట్టిగా, ఇంకా గట్టిగా!”

కెవ్వుమంది బిడ్డ. మగ్గాల మోతను మించి ఏడ్చింది. సైమా ఎదమీద వేసుకుని కొంగు కప్పుకుంది.

అంబులెన్స్ వచ్చింది. లోపలికొచ్చినాయన నిలబడిపోయాడు.

“ఒక్కదానివే కన్నావా తల్లీ! మాకు ఫోన్ చేసినామె యాడ?”

సైమా వేలితో తలుపు చూపించింది. “అన్నా, గడియ తీయొద్దు. పారిపోతాది. ముందు పోలీసుల్ని పిలువు.”

పోలీసులు వచ్చి గడియ తీశారు. ఆమె తలుపు పక్కనే, గోడకు చెవి ఆనించి కూర్చుని ఉంది. ఆమె వెనక, తానే చట్రంతో సహా పెరికేసిన కిటికీ కంతలోంచి వెలుతురు పడుతోంది. ఆ కంతలో మనిషి సులువుగా దూరిపోవచ్చు.