జీపు వచ్చినప్పుడల్లా

గల్ఫులో సముద్రంలో మునిగే డైవరు పని చేసి జమ్మలమడుగు చేరిన రహీం ఇంటికి జీపులో పార్టీ నాయకుడు వచ్చినాడు. పోలింగునాడు ఎవరో బావిలో పడేసిన బ్యాలెట్ పెట్టెను రహీం మునిగి తీయాలంట. తీస్తే ఈ పార్టీ మనిషి, తీయకుంటే ఆ పార్టీ మనిషి.

"నీళ్లలో గాలి అందించే రెగ్యులేటరు సర్వీసుకొచ్చిందన్నా. మద్రాసు పంపాల. లేకుంటే లోపలే ఊపిరాడక పోతా."

"ఎన్నాళ్లకోసారి చేపియ్యాల అది?"

"ఏడాదికోసారి. వాడకున్నా రబ్బరు గట్టిపడతాది."

"నిన్న ఎదురుపార్టోళ్లు వచ్చినారంటనే. ఏం చెప్తివి?"

"ఇదే చెప్పినా."

నాయకుడు మీసం దువ్వుకుంటా జీపెక్కినాడు.

భార్య ఖమ్రున్నీసా టీ గ్లాసులు తీస్తా అడిగింది. "మొన్ననే గదా అది సర్వీసయి వచ్చింది?"

"మామూలుగా ఏడాదికోసారే. ఎలక్షన్లప్పుడు మాత్రం, వాకిట్లో జీపు నిల్చినప్పుడల్లా చేపియ్యాల."