చేతిలో తుపాకీ ఉన్నవాడు

"తలుపు వెయ్యి! గడియ పెట్టు, గడియ!"

హార్లన్ అరుస్తుండగానే నోరీన్ చల్లగది తలుపు లాగేసింది. ఆ మాంసం కొట్టు మొత్తంలో ఉక్కు గోడలున్న గది అదొక్కటే. కొక్కేలకు తలకిందులుగా వేలాడుతున్న జింకల కింద ముసలి డాటీ పడి ఉంది. ఉప్పు పొట్లం కోసం వచ్చిన మనిషి. తొడలోంచి రక్తం ఉబికి వస్తోంది. నోరీన్ తన ఏప్రన్ విప్పి, ఉండచుట్టి, గాయం మీద అదిమి పట్టింది.

బయట మళ్ళీ కాల్పులు. గాజు భళ్ళున పగిలింది. ఎవరిదో కేక సగంలో తెగిపోయింది.

"ఎవడో చూశావా?" అంది నోరీన్.

"ఎక్కడ చూశాను? గల్లాపెట్టె దగ్గర ఆ పిల్ల తల పేలిపోవడం చూశాను. ఈవిణ్ణి ఈడ్చుకుని పరిగెత్తాను." రోజూ నెత్తుట్లో చేతులు పెట్టే కసాయి హార్లన్. ఇప్పుడు డాటీ గాయం చూడలేక గోడకేసి తిరిగాడు.

నోరీన్ ఫోను చూసుకుంది. పరిగెత్తుతూనే మొగుడు లైల్‌కి "కొట్టులో కాల్పులు" అని పంపింది. వెళ్ళిందో లేదో తెలీదు. ఈ గదిలోకి ఏ కబురూ రాదు, ఇక్కణ్ణించి పోదు. పోనీలే అనుకుంది. బడికి కూడా సెలవిచ్చే జింకల వేట రోజు ఇది. లైల్ తెల్లారకముందే ఊరి వెనక కొండెక్కేశాడు. వెళ్ళేముందు వేటకేసుకునే నారింజ కోటు మోచెయ్యి చిరిగిందని గొణిగితే, నారింజ దారం దొరక్క ఆకుపచ్చ దారంతో తనే కుట్టిచ్చింది.

"ఇదేం వంకర కుట్టే!" అని పడీపడీ నవ్వాడు.

"నవ్వింది చాల్లే. ఆ కోటు విప్పావో, నేనే చంపుతా. ఆ రంగు ఉంటేనే నిన్ను జింకనుకుని ఎవడూ కాల్చడు," అంది.

లైల్ కొండమీద క్షేమంగా ఉన్నాడు. అదొక్కటే నయం.

"నోరీన్ తల్లీ, చలేస్తోందే," అని మూలిగింది డాటీ.

"గదే చలిది పెద్దమ్మా. ఇంకేం లేదు." అబద్ధం. ఏప్రన్ అప్పుడే తడిసి ముద్దయింది. ముసలామె పెదాలు నల్లబడుతున్నాయి.

నోరీన్ హార్లన్ నడుముకున్న పిస్తోలు వైపు చూసింది. "అది అలంకారానికా?"

"ఏంటీ?"

"ఊరంతా చూపించుకుని తిరుగుతావుగా. వెళ్ళు మరి."

హార్లన్ తెల్లబోయాడు. "ఈ మాట నువ్వా అనేది? మొన్న ఊరి మీటింగులో మైకు పట్టుకుని నన్ను కడిగి ఆరేశావు. అందరి చేతుల్లోనూ తుపాకులుంటే చంపేవాడెవడో, కాపాడేవాడెవడో ఎలా తెలుస్తుందన్నావు."

"నువ్వు నవ్వావు."

"నవ్వాను. ఇప్పుడు రావట్లేదు నవ్వు. నిజంగానే అడుగుతున్నా, ఎలా తెలుస్తుంది? ఇవాళ ఊళ్ళో సగం మంది ఆ నారింజ కోట్లే. చలికి మొహాలకు ముసుగులు కూడానూ."

"ఇక్కడ ఈవిడ ప్రాణం పోతోందిరా నాయనా!" నోరీన్ గొంతు చీరుకుపోయింది. "మీటింగు లేదు, మన్ను లేదు! చేతిలో తుపాకీ ఉన్నవాడే వాడు. ఇంకేం తెలియాలి నీకు? ఆలోచించకు. కాల్చెయ్యి!"

హార్లన్ పిస్తోలు తీశాడు. ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, తలుపు సందులోంచి బయటికి దూరాడు.

నోరీన్ డాటీని గుండెకి అదుముకుని చెవులు రిక్కించింది. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. ఉన్నట్టుండి దగ్గర్లోనే రెండు పేలుళ్ళు. ఎవరో కూలిన చప్పుడు. అయ్యో, నా నోటితో నేనే పంపి చంపానే అనుకుంది.

తలుపు తెరుచుకుంది. హార్లనే.

"పడిపోయాడు," అన్నాడు. మొహం పాలిపోయింది. "ముందు గుమ్మంలోంచి దూసుకొస్తున్నాడు. ముసుగు, నారింజ కోటు, చేతిలో వేట తుపాకీ. నన్ను చూసి ఏదో అరవబోయాడు. నువ్వన్నట్టే, ఆలోచించలేదు."

నోరీన్ అతన్ని కావలించుకుని భోరుమంది. "దేవుడివయ్యా! మొన్న అన్నవన్నీ మర్చిపో. నాదే బుద్ధితక్కువ."

బయట పోలీసుల బూట్లు, అరుపులు. చేతులు పైకెత్తి రమ్మన్నారు. డాటీని మోసుకుంటూ పరిగెత్తారు. ఇంకా ఊపిరి ఉందన్నారు.

"ఇక భయం లేదమ్మా," అన్నాడు ఓ కుర్ర పోలీసు. "వాడు వెనక వాకిట్లో దొరికాడు, బతికే ఉన్నాడు. సంకెళ్ళు వేశాం."

హార్లన్ ఉన్నచోటే ఆగిపోయాడు. "వెనక వాకిట్లోనా? మరి నేను కాల్చింది..."

నోరీన్ గుమ్మం వైపు తిరిగింది. పిండి బస్తాల పక్కన నారింజ కోటులో ఎవరో బోర్లా పడి ఉన్నారు. ఒక చెయ్యి ముందుకు చాపి ఉంది.

మోచేతి మీద ఆకుపచ్చ దారంతో వంకర కుట్టు.