హాల్లో ఎర్ర పాకుడు

“మళ్ళీ మేత వేశారా అత్తయ్యా?”

కోడలి గొంతు ఆ ఇంట్లో అంత ఎత్తున లేవడం అదే మొదటిసారి. చేతిలో మేత డబ్బాతో అత్తగారు అక్కడే నిలబడిపోయింది.

“చిటికెడేనమ్మా. నోళ్ళు తెరుచుకుని నా వంకే చూస్తుంటేనూ...”

“చేపలు నోళ్ళు తెరిచేది ఊపిరికండీ, ఆకలికి కాదు! పొద్దున నేను ఒకసారి వేస్తే చాలు. మీరు రోజంతా వేస్తుంటే తినగా మిగిలింది కుళ్ళి ఇదిగో, ఈ పాకుడు పడుతోంది. దయచేసి ఇక ఈ తొట్టి దగ్గరికి రాకండి.”

కోడలు బడిలో లెక్కల టీచరు. హాల్లోని ఆ ఉప్పునీటి తొట్టి ఒక్కటే ఆమె సరదా. గోరంత పగడం ముక్క తెచ్చి నాలుగేళ్ళు పెంచితే అరచేయంత అయింది. ఇప్పుడు దాని మొదలు దాకా ఎర్రటి పాకుడు, తడిగుడ్డ పరిచినట్టు జిగురుజిగురుగా పాకింది. పైకెక్కిందంటే పగడం చచ్చిపోతుంది. సన్న గొట్టంతో ఎన్నిసార్లు పీల్చి పారబోసినా మర్నాటికి మళ్ళీ తయారు.

చేపల షాపతన్ని పిలిపిస్తే, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ముంచి చూసి పెదవి విరిచాడు.

“చూడ్డానికి నాచులా ఉంటుంది గానీ మేడమ్, ఇదో సూక్ష్మజీవి. మేత తగ్గించండి, నీళ్ళు మార్చండి, మూడు రోజులు దుప్పటి కప్పి చీకట్లో ఉంచండి. మందుంది, మనుషులు వాడే యాంటీబయాటికే, గానీ డాక్టరు చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. చేపల్ని తీసుకెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టలేం కదా!”

తన జోకుకి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న అత్తగారు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం కోడలు బడి నుంచి వచ్చేసరికి అత్తగారి కుర్చీ హాల్లో లేదు. బాల్కనీలో చలిగాలికి కూర్చుని ఉంది.

“లోపలికి రండి అత్తయ్యా.”

“ఇక్కడ బానే ఉందమ్మా.”

పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండే మనిషి, ఆ చేపలతోనే కదా కబుర్లు చెప్పుకునేది! ఓ పగడం ముక్క కోసం మనిషిని బయటికి నెట్టేశాను అనుకుంది కోడలు.

మూడు రోజులు దుప్పటి కప్పి తీస్తే పాకుడు తగ్గినట్టే తగ్గి, ఇంకో రెండు రోజులకి రెట్టింపైంది. ఆలోపే అత్తగారికి దగ్గు పట్టుకుంది.

“చలిగాలిలో కూర్చుంటే దగ్గు రాక పద్యాలొస్తాయా?” అన్నాడు ఆవిడ కొడుకు. సరదాకే అన్నా కోడలికి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడే అత్తగార్ని డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. ఆస్పత్రి అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి, ఈసారి తనకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఎంత బాధగా ఉంటే ఇలా వస్తుంది అనుకుని కోడలు ఇంకా కుంగిపోయింది.

డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. “ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయండీ.”

అత్తగారు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా దగ్గింది. “పోయినసారి మీరిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలతోనే తగ్గింది బాబూ. అవే రాయండి.”

అయిదు రోజులకి రాశాడు.

ఇంటికి రాగానే కోడలు కుర్చీ తెచ్చి మళ్ళీ హాల్లో, తొట్టి పక్కనే వేసింది. “చలిలో వద్దు. ఇక మీరిక్కడే కూర్చోవాలి.” తొట్టి మీద మళ్ళీ దుప్పటి కప్పేసింది. పొద్దున్నే మూల ఎత్తి చిటికెడు మేత వేసి, లోపలికి చూడకుండానే మూసేసేది. ఆ పగడాన్ని చూడబుద్ధి కాలేదామెకి.

“మాత్ర గొంతు దిగట్లేదమ్మా. నూరుకుని తేనెలో తాగుతాను, ఆ చిన్న రోలు ఇటివ్వు” అంది అత్తగారు.

మాత్రలు అయిపోవచ్చాయి గానీ దగ్గు తగ్గలేదు. ఆ దిగుల్లో కోడలు బడిలో బోర్డు మీద కూడిక తప్పు వేస్తే పిల్లలు సరిదిద్దాల్సి వచ్చింది. అయిదో రోజు కోడలు రెండు నిర్ణయాలు తీసుకుంది. రేపు సెలవు పెట్టి అత్తగార్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి స్కాన్ తీయించాలి. ఇవాళే ఈ తొట్టిని ఇంట్లోంచి పంపించెయ్యాలి.

కబురందుకుని షాపతను వచ్చాడు. గదిలోంచి ఖళ్ళుఖళ్ళున దగ్గు వినిపిస్తోంది.

“నాకొద్దు బాబూ. దీని మూలంగా ఇంట్లో పెద్దావిడ్ని అనరాని మాటలన్నాను. మీరే పట్టుకుపొండి.”

అతను దుప్పటి లాగాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పాకుడు మచ్చుకైనా లేదు. పగడం కాస్త పాలిపోయినా నిక్షేపంలా ఉంది.

“ఏ మందు వేశారు మేడమ్?”

“నేనేమీ వెయ్యలేదే! మళ్ళీ దుప్పటి కప్పానంతే.”

“దుప్పటితో పోయేదయితే మొదటిసారే పోయేది. నేను చెప్పానే, చీటీ కావాలని, ఆ యాంటీబయాటిక్ పడితేగానీ ఇలా తుడిచిపెట్టుకుపోదు.”

“నాకు చీటీ ఎవరిస్తారండీ?” అంటూనే ఆగిపోయింది కోడలు.

అత్తగారి కుర్చీ పక్కనే చిన్న రోలు ఉంది. అడుగున తెల్లటి పొడి. తేనె సీసా మూతకి అతికించిన కాగితం ఇంకా చింపనేలేదు.

ఎప్పుడొచ్చిందో, గది గుమ్మంలో అత్తగారు తల దించుకుని నిలబడి ఉంది.

“నా వల్లే కదమ్మా పాకుడు పట్టింది” అంది నెమ్మదిగా.

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. “మాత్రలన్నీ దీంట్లో పోశారా అత్తయ్యా? మరి మీ దగ్గో?”

ఆవిడ ఒకసారి తొట్టి వంక చూసింది.

“ఇక దగ్గక్కర్లేదుగా.”