పదిహేడో నంబరు

"ఈ పదిహేడో నంబరు టీచరు పేరేమిటి?"

వైవాకు వచ్చిన పెద్ద పరీక్షకుడు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, థీసిస్‌లో ఒక పేజీ మీద వేలు ఆనించాడు. ఎదురుగా కూర్చున్న ఎం.ఎడ్. విద్యార్థిని కుర్చీ అంచుకు జరిగింది. ఏ ప్రశ్న రాకూడదని మూడు రోజులుగా మొక్కుకుంటోందో, సరిగ్గా అదే ముందు వచ్చి కూర్చుంది.

"పేర్లు చెప్పకూడదు సార్. నా ప్రశ్నలకు జవాబులు రాసిచ్చిన అరవై మంది టీచర్లకీ సంతకం పెట్టి మరీ మాటిచ్చాను."

"'ఇన్‌స్పెక్షన్ రోజున చదువు రాని పిల్లల్ని బడికి రావద్దంటాను' అని ఏ టీచరైనా తన చేత్తో రాసిస్తుందా? ఇది నువ్వే కల్పించావని నా అనుమానం."

"కల్పించలేదు సార్. ఒట్టు."

"ఇక్కడ ఒట్లు చెల్లవమ్మా. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పేర్ల కాగితం ఉంటుంది కదా, అది చూపించు. నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను."

ఆమె జవాబు చెప్పబోయి వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. పొద్దున్నుంచీ ఇదే గోల, గొంతు కూడా బొంగురుపోయింది. పక్కనున్న గైడు మేడమ్ చేతిరుమాలు అందించింది. 'పేర్ల కాగితం జవాబుల కట్టతో కలిపి ఉంచకు, ఇంట్లో ఎవరి కంటా పడని చోట దాచు' అని మొదటి రోజే చెప్పిన మనిషి ఆవిడే. ఇప్పుడు ఆవిడ కూడా బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

"పేరు చెప్పకపోతే థీసిస్ వెనక్కి పంపుతాను. మళ్లీ ఏడాది," అన్నాడు పరీక్షకుడు.

ఏడాది! తను పాఠాలు చెప్పే బడి వాళ్లిచ్చిన సెలవు ఈ నెలాఖరుతో సరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది.

"పంపేయండి సార్. పేరు బయటపడితే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఒకరి నోటి దగ్గర కూడు తీసి నేను డిగ్రీ పుచ్చుకోలేను."

పరీక్షకుడు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత పెన్ను తీసి, థీసిస్ మొదటి పేజీ మీద సంతకం గీకేశాడు.

"పదిహేనేళ్లుగా ప్రతి వైవాలోనూ ఇలాగే బెదిరిస్తున్నాను. రెండో మాటకే పేరు చెప్పేసేవాళ్లే అందరూ. చెప్పని మొదటి మనిషివి నువ్వేనమ్మా! రహస్యం దాచడమంటే అదీ!"

ఆమె తల వంచుకుంది. అది వినయమనుకున్నారు అందరూ. గైడు మేడమ్ అయితే భుజం తట్టి, "నా పరువు నిలబెట్టావే పిల్లా," అని కళ్లు తుడుచుకుంది.

అమ్మయ్య! బతుకుజీవుడా అనుకుంటూ బయటపడి, ఆమె వరండా స్తంభానికి ఆనుకుంది. ఫోన్ తెరిస్తే మొగుడి నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. వెంటనే చేసింది.

"పాసయ్యానండీ!"

"హమ్మయ్య, బతికించావు! మూడు రోజులుగా ఇల్లు పీకి పందిరేశాం, అటక మీది దుమ్ముకి నీతోపాటు నాకూ తుమ్ములు పట్టుకున్నాయి, ఇప్పుడే అమ్మ పిండి డబ్బా కూడా బోర్లించింది. ఇప్పుడైనా తీరిగ్గా ఆలోచించి చెప్పు, ఆ పేర్ల కాగితం అసలు ఎక్కడ దాచావే?"