దగ్గని దొంగ

వాగుకు వరదొచ్చి తమ్ముడు కోటేషు కొట్టుకుపోయిన ఏడు అది. శవం దొరకలేదు. ఏటా అన్నదమ్ములిద్దరూ కాసే మిరప కల్లానికి ఈసారి మాలకొండయ్య ఒక్కడే కాపలా.

“డిటెక్టివ్ గారూ, కునుకు తీశారంటే ఏడాది పంటా పోద్ది!” అని భార్య మాణిక్యమ్మ ఎగతాళి చేసి వెళ్ళింది. అద్దె నవల్లో డిటెక్టివ్ చేసినట్టే, కాయల చుట్టూ బూడిద చల్లి పడుకున్నాడతను.

నడిరేయి ఎండుకాయలు గలగలమన్నాయి. ఎవరో వాటి మీద నడుస్తున్నారు. ఘాటు లేచి మాలకొండయ్యకు దగ్గు ఆగలేదు. నడిచేవాడు మాత్రం దగ్గడం లేదు.

టార్చి వేశాడు. కాయల మీద ఎవరూ లేరు. బూడిదలో ఒక్క అడుగూ పడలేదు. చప్పుడు మాత్రం దగ్గరికొస్తోంది. ఊపిరి పీల్చేవాడెవడైనా ఆ ఘాటుకు దగ్గాల్సిందేనని, ఏ డిటెక్టివూ చెప్పకుండానే అతనికి తట్టింది.

“ఒరేయ్ కోటేషూ, నువ్వేనా?”

చప్పుడు ఆగింది.

తెల్లారాక ఇంటికెళ్ళి ఇంకో నులకమంచం మోసుకొచ్చి, తన మంచం పక్కనే వేశాడు.