కార్డు అందని మనిషి

ఒరెగాన్‌లోని మా ఊళ్లో ఏ స్థలం మీదైనా విచారణ జరగాలంటే, దానికి మూడు వందల అడుగుల లోపు కాపురముండేవాళ్లందరికీ నోటీసు కార్డు అందాలి. నగర సభ గుమాస్తాగా ఆ కార్డులు పంపేది నేనే.

ఇల్లు లేనివాళ్లకి ఖాళీ స్థలంలో ఇరవై గదులు కట్టాలన్న ప్రతిపాదన రెండేళ్లు నాని నాని, మంగళవారం ఓటుకొచ్చింది. ఆ స్థలం పక్కింటి లొరెట్టా లేచింది.

“ఈ విచారణ చెల్లదు. డెల్మర్‌కి కార్డు పంపలేదు. ఆరేళ్లుగా ఆ స్థలంలోనే గుడారం వేసుకుని కాపురముంటున్నాడు కదా!”

“కార్డు చూశానమ్మా!” వెనక వరస నుంచి డెల్మర్ అరిచాడు. “మీరు చెత్తబుట్టలో పారేసింది నాకే దొరికింది!”

“దాని మీద పేరు నీది కాదుగా నాయనా,” అంది లొరెట్టా.

మేయరు విచారణ వాయిదా వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల పని ఒక్క కార్డు దగ్గర ఆగిపోయింది.

మర్నాడు డెల్మర్ పేరు రాసిన కార్డు నేనే పట్టుకెళ్లాను. గుడారం లేదు. పోలీసులు పొద్దున్నే పీకేశారట.

ఆఫీసుకొచ్చి, గుడారం తీయించమని వచ్చిన ఫిర్యాదు కాగితం తీసి చూశాను. లొరెట్టా సంతకం. తేదీ సోమవారం.

“ఆ స్థలంలో కాపురముండే హక్కు ఎవరికీ లేదు,” అని రాసి ఉంది.