ద్రాక్షాసవం సీసా

"సార్, జర పక్కకు రాండ్రి. మీ అసుంటోళ్లు గీ గుంపుల నిలబడొద్దు. ఏం గావాల్నో చెప్పుండ్రి, నేను తెచ్చిస్త."

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద, వైన్స్ ముందు టోపీని కనుబొమల దాకా లాక్కుని నిలబడ్డ గంగాధరరావు ఉలిక్కిపడ్డాడు.

ఎదురుగా అరవై దాటిన మనిషి. మాసిన చొక్కా, మెడలో తువ్వాలు, చేతిలో పాల ప్యాకెట్లు.

రోజూ ఇక్కడే పడి ఉండే బాపతు అనుకున్నాడు గంగాధరరావు. కానీ అవసరం తనది.

"రెడ్ వైన్," అన్నాడు గొంతు తగ్గించి. "తాగడానిక్కాదు. గుండెకి మంచిదని..."

"గట్లనా సార్," అంటూ డబ్బులు తీసుకుని ఆ మనిషి గుంపులో దూరాడు.

కౌంటర్లో నవ్వులు రోడ్డు దాకా వినపడ్డాయి. "వైన్స్‌ల వైన్ అడిగేటోడు దొరికిండు రా, అయ్యా!"

గంగాధరరావు ఉండేది మన్సూరాబాద్‌లో. ఎవరూ గుర్తుపట్టకూడదని ఇంత దూరం వచ్చాడు. మూడేళ్ల కిందట కాలనీ మూల మీద వైన్స్ పెట్టబోతే, అడ్డంగా కూర్చుని ఎత్తేయించిన పెద్దమనిషి మరి! మైకు పట్టుకుని గంటసేపు ఉపన్యాసం కూడా దంచాడు.

రెండు నెలల కిందట గుండెకి స్టెంటు పడింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో తనతో పాటు లెక్కలు చెప్పిన బాపిరాజు చూడ్డానికి వచ్చి చెవిలో ఊదాడు.

"అన్నం తిన్నాక చిన్న గ్లాసుడు ఎర్ర వైను పుచ్చుకో గురూ. గుండె గుర్రంలా పరిగెడుతుంది."

డాక్టర్ని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగడానికి సిగ్గు.

ఇంటికెళ్లి ఆ వైన్‌ని ఆయుర్వేద ద్రాక్షాసవం సీసాలోకి ఒంపేశాడు. పాపం, భార్య అమ్మాజీ మందే అనుకుని మూతతో కొలిచి పోసేది.

"ఇంకో రెండు మూతలు పొయ్యి."

"చేదు మందంటే పారిపోయేవారు, ఇప్పుడేంటో అడిగి మరీ తాగుతున్నారు! మొహంలో కళొచ్చిందండీ."

నిజమే. ఆ వగరు ఆయనకి తెగ నచ్చేసింది. ఒంట్లోకి మెల్లగా వెచ్చదనం పాకేది. సీసా వారానికే అయిపోయేది. కొత్తది తెచ్చుకునే శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం మొదలైంది.

శనివారం సాయంత్రమయ్యేసరికి ఆ మనిషి కూడా వచ్చి ఉండేవాడు. తీసుకున్న డబ్బులో మిగిలింది పైసాతో సహా తిరిగిచ్చేవాడు.

"ఉంచుకోవయ్యా, ఓ క్వార్టర్ వేసుకో," అన్నాడు ఓసారి గంగాధరరావు.

"నాకలవాటు లేదు సార్."

"అందరూ అదే అంటార్లే!" అని నవ్వాడు.

పేరు కూడా అడగలేదు.

ఐదో శనివారం, కాగితంలో చుట్టిన సీసా చేతులు మారుతుండగా పక్కనే కారు ఆగింది. దిగింది జోగారావు. మనవరాలు తన్మయి చదివే బడి ఆయనదే. ఆనాడు వైన్స్ ముందు గంగాధరరావుకి మైకు అందించిందీ ఆయనే.

"గంగాధరరావు గారూ! మీరేంటండీ ఇక్కడ?"

గంగాధరరావు చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేసింది.

"మందుల షాపుకి వచ్చానండీ. వీడెవడో తాగుబోతు... చెయ్యి పట్టుకుని వదలట్లేదు."

జోగారావు ఆ మనిషిని చూసి నిర్ఘాంతపోయాడు.

"నువ్వా? పసిపిల్లల్ని ఎక్కించుకు తిరిగే బండిరా అది! నిన్ను నమ్మి ఇచ్చాను చూడు. సోమవారం నుంచి వ్యాన్ ముట్టుకోకు."

గంగాధరరావుకి అప్పుడు వెలిగింది. తన్మయి వెళ్లే వ్యాన్ డ్రైవరన్నమాట! పాపని ఎక్కించేది, దించుకునేది ఎప్పుడూ అమ్మాజీయే. ఆయన ఒక్కరోజూ కిందికి దిగిన పాపాన పోలేదు.

ఆ మనిషి గంగాధరరావు వైపు ఒక్కసారి చూశాడు.

"సీసా నాది" అంటే చాలు. రెండు ముక్కలు. గంగాధరరావు టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"తప్పైంది సార్," అన్నాడు ఆ మనిషి జోగారావుతో. సీసా తువ్వాల్లో చుట్టుకుని తలొంచుకుని వెళ్లిపోయాడు.

ఆదివారమంతా గంగాధరరావుకి ముద్ద దిగలేదు. ఛీ, ఇంతకన్నా తాగుబోతు నయం కదా అనిపించింది. అయినా కాలనీలో పరువు గుర్తొచ్చి గడప దాటలేకపోయాడు.

సోమవారం పొద్దున్న తన్మయి బ్యాగుతో ఏడుస్తూ పైకొచ్చింది.

"బిక్షమయ్య తాత రాలేదు. కొత్తాయనతో నేను పోను!"

గంగాధరరావు చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికండీ?" అంది అమ్మాజీ.

"జోగారావు దగ్గరికి. నిజం చెప్పేస్తాను."

"ఏం నిజం?"

చెప్పాడు. వైన్, ద్రాక్షాసవం సీసా, తాగుబోతన్న మాట, అన్నీ చెప్పాడు. ఆమె మొహం చూడలేక నేలకేసి చూస్తూ చెప్పాడు.

అమ్మాజీ తన్మయి బ్యాగు అందుకుని పక్కన పెట్టింది.

"బిక్షమయ్య నిన్ననే కిరాయి గది ఖాళీ చేసి వెళ్లిపోయాడట. ఏ ఊరెళ్లాడో పిల్లల తల్లులెవరికీ తెలీదు. ఫోన్ కూడా ఎత్తట్లేదు."

గంగాధరరావు చెప్పులతోనే కూలబడ్డాడు.

"నేనెవరో కూడా తెలీదే అతనికి! నా పరువు తనెందుకు మోశాడు?"

"తెలీకపోవడమేంటండీ?" అంది అమ్మాజీ కళ్లొత్తుకుంటూ. "మీ గుండెకి కంగారని చెప్పలేదు గానీ, మీకు స్టెంటు వేసిన రోజు వానకి వ్యాన్ మునిగిపోతే, నడుంలోతు నీళ్లలో మన తన్మయిని భుజాల మీద మోసుకొచ్చి నా చేతిలో పెట్టి, గోడ మీద మీ ఫొటోకేసి చూసి 'సారుకేం గాదమ్మా' అని నాకు ధైర్యం చెప్పి వెళ్లింది ఆయనే."